పేరు ముందరి మాట

జడ చివర రబ్బరు బ్యాండు చుట్టుకుంటూ కరుణమ్మ అన్నం డబ్బా వంక ఒకసారి, గోడకు ఆనించిన ఫోను వంక ఒకసారి చూస్తోంది. డబ్బాలో పప్పు ఇంకా పొగలు కక్కుతోంది. కొంచెం ఆరితే తప్ప మూత పెట్టడానికి లేదు. ఫోనులో కూతురి పెళ్లి కార్డు ఉంది. చేవెళ్లలో ప్రెస్సు నడిపే వెంకటయ్య రాత్రి పంపిన నమూనా అది. అప్పటికి ఆమె నిద్రపోయింది. పొద్దున లేచి పొయ్యి వెలిగించాకే చూసింది.

గులాబీరంగు అంచు, పైన బైబిలు వాక్యం, దాని కింద రెండు పావురాలు. ఒక పక్క ఆశా, ఇంకో పక్క ఆలూరు పిల్లవాడు సన్నీ. 'శ్రీమతి కృపమ్మ గారి మనుమరాలు' అని అత్తగారి పేరు కూడా అడిగినట్టే వేశాడు. అంతా బాగుంది. ఆ కింది వరుసలో మాత్రం ఆమె చెప్పని మాట ఒకటి వచ్చి చేరింది. 'లేట్ వరప్రసాద్, శ్రీమతి కరుణమ్మ గార్ల ఏకైక కుమార్తె.'

కరుణమ్మ ఐదో తరగతి దాకా చదివింది. తెలుగైనా కూడబలుక్కునే చదువుతుంది. ఆ ఒక్క మాటకు మాత్రం కూడబలుక్కోవలసిన పని లేకపోయింది.

అది ఎవరు వేయించారో కూడా ఆమెకు తెలుసు. బావ స్వామిదాసు. ఆమె భర్తకు అన్న, మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ చర్చిలో సంఘపెద్ద. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన ఈ మాట కదిపాడు. పేరు ఉత్తగా పెడితే పెళ్లికి వచ్చినవాళ్లందరూ తండ్రి ఏడీ అని అడుగుతారు, ఆ పిల్ల ఎంతమందికని జవాబు చెప్పుకుంటుంది అన్నాడు. వద్దు బావా అని ఆమె అప్పుడే చెప్పింది. ఆడమనిషి మనసు ఒప్పక అన్న మాట, తానే సరిచేయాలి అనుకున్నట్టున్నాడు.

గడప అవతల ఎండలో కూర్చున్న అత్త కృపమ్మ, కోడలు కార్డు పైకి చదువుకోవడం వింటూనే ఉంది. ఎనభై దాటిన మనిషి, ఎండు కట్టెలాగా ఉంటుంది. పెద్దకొడుకు ఇల్లు పక్క గల్లీలోనే ఉన్నా ఆమె అక్కడికి పోలేదు. చిన్నకొడుకు వస్తే నేరుగా ఈ ఇంటికే వస్తాడని ఇన్నేళ్లూ ఈ గడప పట్టుకునే ఉంది.

"పెద్దోడు పెట్టిచ్చిండా?" అంది లోపలికి తిరగకుండానే.

"ఆ."

"ఉండనియ్యి బిడ్డా."

కరుణమ్మ డబ్బా మూత చేతిలో పట్టుకుని బయటికి వచ్చింది. ముసలామె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని దారి వైపు చూస్తోంది.

"నా కొడుకు నిన్ను కట్టేసి పోయిండు. నేను గూడ ఇడువకపోతిని. ఇప్పుడన్న ఇడుస్త. రాయనియ్యి."

కరుణమ్మ లోపలికి పోయి డబ్బాకు మూత పెట్టి, సంచిలో వేసుకుని, అత్త తలమీద చెయ్యి ఒకసారి ఆనించి బయలుదేరింది. మధ్యాహ్నం సెలవు పెట్టి చేవెళ్ల పోవాలని ఆటో ఎక్కేలోపే నిశ్చయించుకుంది. ఫోనులో చెబితే వెంకటయ్య మళ్లీ బావనే అడుగుతాడు. ఎదురుగా నిలబడి తీయించాల్సిందే.

* * *

ఆమె పనిచేసేది గండిపేట దగ్గర ఇంజనీరింగు కాలేజీలో. ఊడ్చి తుడిచే పని, కాంట్రాక్టరు కింద. గేటు పక్కన సూపర్‌వైజరు ధనరాజ్ ఒక ఫోను పట్టుకుని నిలబడతాడు. దానికి ముఖం చూపించాలి. వేళకు వస్తే ఆకుపచ్చ టిక్కు పడుతుంది. వేళ దాటితే ఎర్రగా నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. ఆ రోజు షేర్ ఆటో నిండడానికి సమయం పట్టింది. ఆమె ముఖానికి ఎర్రక్షరాలే పడ్డాయి. ధనరాజ్ చూసీ చూడనట్టు "లేట్ పడ్డది కరుణమ్మా" అన్నాడు. ఆయన రోజూ ఎవరో ఒకరితో అనే మాటే అది.

నిజానికి ఆ మాట వినకుండా ఆమెకు ఒక్క రోజూ గడవదు. ఆఫీసు కిటికీ దగ్గర పిల్లలు లేట్ ఫీజు మాఫీ చేయమని బతిమాలుతుంటారు. లేట్ వచ్చిన పిల్లల్ని తరగతి బయట నిలబెడతారు. వాళ్లు ఆమె తడిగుడ్డ తగలకుండా కాళ్లు ఎత్తి పట్టుకుంటారు. ఇంటి దగ్గర రైతులు ఈ ఏడు వాన లేట్ అయింది, పంట కూడా లేటే అంటారు. ఆశాకు ఇరవై ఎనిమిది నిండాక సంబంధం కుదిరితే, లేట్ మ్యారేజ్ అయినా మంచి పిల్లగాడు దొరికాడని చర్చిలో ఆడవాళ్లు మెచ్చుకున్నారు. ఎవరూ ఆ మాటను బరువుగా అనరు. వచ్చేది వస్తుంది, కొంచెం ఆగాలి, అంతే.

కానీ ఆడిటోరియం గుమ్మం మీద ఒక ఇత్తడి పలక ఉంది. కాలేజీ కట్టించిన పెద్దమనిషి తండ్రి పేరు దాని మీద చెక్కారు. వారానికొకసారి ఆ పలకను చింతపండుతో తోమి మెరిపించడం కరుణమ్మ పని. పనిలో చేరిన కొత్తలో ఒకరోజు తోముతూ తోముతూ ఆ పేరుకు ముందున్న నాలుగు అక్షరాల మీద ఆమె వేలు ఆగిపోయింది. గేటు దగ్గర ఫోనులో ఎర్రగా పడే అక్షరాలే అవి. అంత పెద్దమనిషికి కూడా లేట్ పడిందా అని నవ్వు వచ్చింది. మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్న పూజిత అనే పిల్లను అడిగింది. ఆ పిల్ల మొదట నవ్వింది, ఆమె ముఖం చూసి నవ్వు ఆపేసింది.

"మాట ఒక్కటే ఆంటీ. ఒకటేమో ఆలస్యంగ వచ్చుడు. ఇంకొకటి, ఇగ రాకపోవుడు. సచ్చిపోయినోళ్ల పేరుకు ముంగట పెడ్తరు."

ఆ రోజు నుంచి ఆ పలక తోమేటప్పుడు ఆమె ఆ మాటను మిగతా అక్షరాల కంటే ఎక్కువా రుద్దలేదు, తక్కువా రుద్దలేదు. కానీ దాన్ని మర్చిపోలేదు.

వరప్రసాద్ ఇళ్లకు రంగులు వేసేవాడు. గండిపేట చుట్టూ లేచిన పెద్దపెద్ద గేట్ల ఇళ్లలో సగానికి ఆయన చెయ్యి తగిలింది. పొడుగు మనిషి, మాట తక్కువ. గోరు సందుల్లో ఏదో ఒక రంగు ఎప్పుడూ ఉండేది. ఆశా చిన్నప్పుడు ఆ గోళ్లు చూసి, నాయిన ఇవాళ ఏ రంగు వేశాడో చెప్పేది. తాగడని కాదు, అప్పుడప్పుడూ తాగేవాడు. కొట్టాడని కాదు, ఎన్నడూ కొట్టలేదు. ఇల్లు విడిచిపోవలసిన కారణం ఆమెకు ఎంత వెదికినా దొరకలేదు. ఒక సాయంత్రం ఫోను చేశాడు. వెనకాల ఎవరో నిచ్చెన జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. "జర లేట్ అయితది. నువ్వు తిను" అన్నాడు. ఆమె తినలేదు. మరునాడు మధ్యాహ్నం దాకా కూడా తినలేదు. పదకొండేళ్లయింది.

పోలీసు స్టేషన్లో ఫొటో ఇచ్చారు. ఆ తర్వాత గండిపేట చెరువులో శవం తేలినప్పుడల్లా, రోడ్డు మీద గుర్తు తెలియని మనిషి పడిపోయినప్పుడల్లా కబురు వచ్చేది. పట్నం పెద్ద దవాఖానకు పోయి చూడాలి. ప్రతిసారీ స్వామిదాసే తోడు వచ్చాడు. బస్సులో పక్కనే కూర్చునేవాడు, కాగితాల పని చూసేవాడు, చాయ్ తాగించేవాడు. శవాల గది తలుపు దాకా వచ్చేసరికి మాత్రం ఆయన కాళ్లు కదిలేవి కావు. ఆమె ఒక్కతే లోపలికి పోయేది. అక్కడి పనివాడు బట్ట తొలగించేవాడు. ఆమె ముఖం చూసేది. ముఖం చూడటానికి మిగలకపోతే కాలివేళ్లు చూసేది, చేతులు చూసేది, గోళ్లు చూసేది. ఈయన కాదు అని చెప్పి బయటికి వచ్చేది. ఎవరి కొడుకో, ఎవరి భర్తో అయిన ఆ మనుషుల కోసం ఇంటికి వచ్చాక ఆమె ప్రార్థన చేసేది.

ఊళ్లో ఆమెకు సలహాలు తక్కువ కాలేదు. భర్త పోయాడని రాయించుకుంటే పింఛను వస్తుందన్నారు. ఇంకా చిన్నదానివే అని ఒకరిద్దరు ఇంకో మాట కూడా అన్నారు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. చీపురు పట్టుకుంది, ఆశాను ల్యాబ్ కోర్సు చదివించింది. ఆ పిల్ల ఇప్పుడు చేవెళ్లలో ఒక దవాఖానలో రక్తపరీక్షలు చేస్తోంది.

* * *

మధ్యాహ్నం ధనరాజ్ దగ్గరికి పోయి సెలవు అడిగితే, పొద్దున లేట్ పడింది, ఇప్పుడు సగం పూట పోతే పూర్తి రోజు పోయినట్టే అన్నాడు.

"రాసుకో సార్. పోవాలె" అంది కరుణమ్మ.

చేవెళ్ల బస్సులో నిలబడే ప్రయాణం చేసింది. వెంకటయ్య ప్రెస్సు మెయిన్ రోడ్డు మీద ఎరువుల దుకాణం పైన ఉంటుంది. ఇనుప మెట్లు ఎక్కుతుంటే ఇంకు వాసన, ఎరువుల వాసన కలిసి ముక్కుకు తగిలాయి. లోపల ఒక గోడ నిండా పెళ్లి కార్డులు, దానికి ఎదురు గోడకు ఆరబెట్టిన ఫ్లెక్సీలు. పుట్టినరోజు పిల్లలు, గెలిచిన సర్పంచులు, పూలదండల మధ్య చనిపోయినవాళ్లు, అందరూ ఒకే రకంగా నవ్వుతున్నారు.

స్వామిదాసు అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. షామియానా మాట్లాడటానికి చేవెళ్లకు వచ్చి, కార్డు పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని పైకి ఎక్కాడట. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో కళ్లజోడు డబ్బా.

ఆమె ఆయన్ను దాటుకుని కంప్యూటర్ ముందున్న వెంకటయ్య దగ్గరికి పోయింది. ఆ మాట తీసేయమంది. వెంకటయ్య ఇద్దరి వంకా చూసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. మీరూ మీరూ ఒక్క మాట అనుకుంటే ఎట్లా అంటే అట్లా వేస్తానన్నాడు.

"ఉన్న సంగతే గద కరుణా" అన్నాడు స్వామిదాసు మెల్లగా. "అండ్ల తప్పేమున్నది."

"ఉన్న సంగతని నీకెవరు చెప్పిండ్రు బావా?"

ఆయన చూపు తెర మీదికి తిప్పుకున్నాడు.

"దవాఖాన్ల బట్ట తీసినప్పుడల్ల నువ్వు తలుపుకాడ నిలబడ్డవు. లోపటికి పోయింది నేను. చూసింది నేను. ఒక్కటి గూడ ఆయన మొఖం గాదు. నేను చూడంది నేను రాయియ్య."

"అమ్మ గూడ రాయమన్నది గద. నిన్న నాతోని అన్నది."

"అత్తమ్మ నాకోసం అన్నది. ఆమె మనసుల మాట గాదది."

కింద రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. స్వామిదాసు మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. జేబులోంచి కళ్లజోడు డబ్బా తీసి, తెరిచి, మూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"నిన్ను చిన్నబుచ్చుదామని గాదు" అన్నాడు. "బస్సు దిగిన ప్రతోని మొఖం చూస్త నేను. పదకొండేండ్లసంది చూస్తున్న. ఆ మాట అచ్చయితే చూసుడు బంద్ చేస్తనేమో, జర నిమ్మలమైతదేమో అనుకున్న."

ఇన్నేళ్లలో ఆయన తమ్ముడి గురించి ఆమెతో ఇట్లా మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన తలుపు దగ్గర నిలబడిపోవడం భయం అనుకుంది ఆమె ఇన్నాళ్లూ. ఇంకో స్టూలు లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చుంది. కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు కానీ, పట్టు మాత్రం సడలలేదు.

"నేను గూడ చూస్తనే ఉన్న బావా. నిమ్మలం లేకున్న మంచిదే. తెల్వంది తెల్వనట్టే ఉండాలె."

స్వామిదాసు వెంకటయ్య వైపు చెయ్యి ఊపాడు. తీసెయ్యమని. వెంకటయ్య వేలు ఒకచోట నొక్కగానే తెర మీద ఆ మాట చెరిగిపోయి, వరప్రసాద్ పేరు కొంచెం పక్కకు జరిగి ఆ ఖాళీ నింపుకుంది. కరుణమ్మ ఆ వరుసను మొదటి నుంచి కూడబలుక్కుని చదివి, సరేనంది. సాయంత్రం అచ్చుకు ఎక్కిస్తానని వెంకటయ్య చెప్పాడు.

ఇద్దరూ కలిసే బస్సు ఎక్కారు. సీట్లు దొరికాయి. షామియానా ఏ రంగు చెప్పాడో, వంటకు ఎవరిని పిలవాలనుకున్నాడో స్వామిదాసు చెబుతుంటే ఆమె కిటికీ వైపు కూర్చుని వింటోంది. ఈస్టరుకు ముందరి శ్రమల దినాలు మొదలుకాకముందే పెళ్లి అయిపోవాలని, ఈసారి ఏదీ లేట్ కాకూడదని ఆయన అంటున్నాడు. మొయినాబాద్ ఇంకా రాలేదు. రోడ్డు వెడల్పు చేస్తున్నచోట బస్సు ఆగింది. అప్పుడే ఆమె ఫోను మోగింది. పక్కింటి బాలనర్సమ్మ.

కరుణమ్మ ఎప్పుడు అని అడిగింది. ఆశాకు నేను చెబుతానులే అంది. ఫోను ఒళ్లో పెట్టుకుని స్వామిదాసు వైపు తిరిగింది.

"బావా. అత్తమ్మ పోయిందట. కూసున్నకాన్నే పోయిందట."

ఆయన ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు. బస్సు కదిలింది. మొయినాబాద్ దాకా ఆ కడ్డీని వదలలేదు. దిగేటప్పుడు ఆమే ఆయన వేళ్లను ఒక్కొక్కటిగా విడిపించవలసి వచ్చింది.

* * *

ఇంటి ముందు పది పదిహేను మంది చేరారు. కృపమ్మను లోపల చాప మీద పడుకోబెట్టి మెడదాకా దుప్పటి, ముఖం మీద తెల్లటి తువ్వాలు కప్పారు. మధ్యాహ్నం తన చేనులో కోసిన అనపకాయలు ఇచ్చిపోయానని, చేటలో పోసుకుని ఒలుస్తూ బాగానే మాట్లాడిందని, నీళ్లబిందెతో తిరిగి వచ్చేసరికి తల గోడకు ఆనించి ఉందని, ఎండకు కునుకు పట్టిందేమో అనుకున్నానని బాలనర్సమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతోంది.

కరుణమ్మ చెప్పులు విడిచి లోపలికి పోయి చాప పక్కన కూర్చుంది. తువ్వాలు తీసింది. ముసలామె నోరు కొంచెం తెరిచి, ఏదో అడగబోయి మానుకున్నట్టు ఉంది. నుదురు ముట్టుకుంది. దుప్పటి కింద చెయ్యి పెట్టి పాదాలు ముట్టుకుంది. రాత్రిపూట ఆ పాదాలకు నూనె రాసేటప్పుడు అవి ఎన్నడూ ఇంత చల్లగా లేవు. ఆమెకు అప్పుడు ఏడుపు వచ్చింది. గొంతు ఎత్తి కాదు, దుప్పటి అంచు పట్టుకుని.

కొంతసేపటికి తల ఎత్తి చూస్తే స్వామిదాసు గుమ్మంలోనే ఉన్నాడు. ఒక చెయ్యి తలుపు చట్టం మీద, చూపు ఆ పక్కకు. ఆయన వెనక జనం ఆగిపోయారు.

"రా బావా" అంది కరుణమ్మ. "లోపటికొచ్చి చూడు. మన అమ్మనే."

ఆయన కదలలేదు. ఆమె లేచి వెళ్లి ఆయన మణికట్టు పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. తల్లి పక్కన కూర్చోబెట్టి, ఆయన చేతిని ముసలామె చెంప మీద ఆనించింది. కాసేపు ఆ చెయ్యి అక్కడే పెట్టి ఉంచింది. ఆయన తల్లి ముఖం చూశాడు. అప్పుడు ఆ పెద్దమనిషి చిన్నపిల్లవాడిలాగా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆశా వచ్చింది. డ్యూటీలోంచి అలాగే వచ్చినట్టుంది, మెడలో ఇంకా గుర్తింపు కార్డు వేలాడుతోంది. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. ఆడవాళ్లు పాట అందుకున్నారు. ఆలూరు వియ్యంకుడు ఫోను చేసి, పెళ్లి అనుకున్నట్టే చేద్దామా, ఈస్టరు పండగ తర్వాతకు వాయిదా వేద్దామా అని మర్యాదగానే అడిగాడు. కరుణమ్మ ఆశా ముఖం చూసింది. అనుకున్న రోజుకే చేస్తామని, అత్తమ్మ ఉన్నా అదే అనేదని చెప్పింది.

పొద్దు వాలుతుండగా స్వామిదాసు ఫోను మోగింది. వెంకటయ్య. కార్డు అచ్చుకు ఎక్కిస్తున్నాను, ఇంకేమన్నా మార్పులున్నాయా అని అడుగుతున్నాడు. ఆయన ఫోను ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె దాన్ని పట్టుకుని ఇంటి బయటికి వచ్చింది.

"ఆగు వెంకటయ్యా. మా అత్తమ్మ పేరు ముంగట శ్రీమతి తీసెయ్యి" అంది. "లేట్ అని పెట్టు."

వెంకటయ్యకు విషయం వెంటనే అర్థం కాలేదు. ఇవాళే పోయిందని చెప్పాక, అయ్యో అక్కా అన్నాడు. కొంచెం తటపటాయించి, మరి వరప్రసాద్ అన్న పేరు అని మొదలుపెట్టాడు.

"ఆయనది అట్లనే ఉండనియ్యి. అత్తమ్మను చేతులతోని ముట్టి చూసిన గనుక చెప్తున్న."

లోపల పాట ఇంకో చరణం అందుకుంది. ఆమె పైట కొంగు నడుముకు దోపుకుని, రాత్రికి రాబోయే జనానికి నీళ్లు, చాపలు చూడటానికి కదిలింది. ఎండ పోయిన గోడ వారన చేట అట్లాగే ఉంది. ఒక వైపు ఒలిచిన గింజలు, ఇంకో వైపు ఒలవని కాయలు, ఆ రెంటి నడుమ సగం దాకా చీల్చిన ఒక అనపకాయ, లోపలి గింజలు ఇంకా దాన్ని పట్టుకునే ఉన్నాయి.